నకలు కొనడానికి స్కేలు వెంట తీసుకెళ్లండి: కర్నూలులో పురాతన వస్తువుల నమూనాల అంగడి

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్లేంత దూరంలో, మేడ మీద ఒక అంగడి ఉంది. బోర్డు మీద పేరంటూ లేదు, 'పురాతన వస్తువుల నమూనాలు' అని మాత్రం రాసి ఉంటుంది. మొహెంజోదారో ముద్రల నుంచి ఈజిప్టు రాణి తల దాకా, రోమన్ నాణెం నుంచి మన ఎర్రగుడి అశోక శాసనం దాకా అన్నిటికీ నకళ్లు అమ్ముతారు. బడికి కావాలని సాంఘికశాస్త్రం టీచర్లు వస్తారు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వస్తారు, షోకేసులో పెట్టుకోవడానికి కొనేవాళ్లూ వస్తారు.

ముందే తేల్చి చెబితే: ఇక్కడి రాతి ముద్రలు, శాసనాల ప్రతులు నిశ్చింతగా కొనొచ్చు. లోహపు బొమ్మలను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి కొనాలి. ఈజిప్టు అల్మారాలో సగం వదిలేయొచ్చు. గ్రీకు కుండలు మాత్రం వద్దు.

పురాతన వస్తువు ఫొటో ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఫొటో ఇవ్వలేనివి మూడే: అసలు పరిమాణం, చేతిలో బరువు, వెనక వైపు. నకలు ఈ మూడింటినీ ఇస్తేనే దానికి పెట్టిన డబ్బు దక్కినట్టు. అందుకే ఈ అంగడికి వెళ్లేటప్పుడు 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి, వీలైతే 10 మిల్లీగ్రాముల తేడా కూడా చూపే చిన్న తూకం మిషను ఒకటి సంచిలో వేసుకోవడం మంచిది. అంగడివాళ్లు కొలిచి చూస్తామంటే విసుక్కోరు. అది వాళ్లలో మెచ్చుకోదగ్గ గుణం.

ముద్రలతో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ అంగడి బలం అక్కడే ఉంది. సింధు నాగరికత ముద్రలు చాలావరకు 2 నుంచి 4 సెంటీమీటర్ల చదరపు బిళ్లలు. మన పాఠ్యపుస్తకాల్లో అరపేజీ బొమ్మగా కనిపించే పశుపతి ముద్ర అసలు కొలత సుమారు మూడున్నర సెంటీమీటర్లే. ఆ చోటులోనే కూర్చున్న మూర్తి, ఏనుగు, పులి, ఖడ్గమృగం, దున్న, పీఠం కింద రెండు జింకలు, పైన లిపి, అన్నీ ఇమిడ్చారు. ఇది పిల్లలకు చేతిలో పెట్టి చూపించాల్సిన విషయం, మాటలతో చెబితే ఎక్కదు. ఇక్కడి నకలు స్కేలు మీద సరిగ్గా ఆ కొలతకే వస్తుంది. వెనక బొడిపె ఉంది, బొడిపెకు దారం దూర్చే రంధ్రం కూడా ఉంది. ఫొటో చూసి చేసేవాళ్లు ఈ బొడిపెను మరిచిపోతారు, ఎందుకంటే పుస్తకాల్లో ముద్ర వెనక వైపు అచ్చువేయడం అరుదు.

మెటీరియలు కూడా సరైనదే. అసలు ముద్రలు స్టియటైటుతో చేశారు. అంటే మన బలపం రాయే. బేతంచెర్ల, ముద్దవరం వైపు గనుల్లో దొరికే ఆ మెత్తని రాయితోనే ఇక్కడి పనివాళ్లు చెక్కుతున్నారు. సింధు పనివాళ్లు ఈ రాయి మెత్తగా ఉన్నప్పుడే చెక్కి, తర్వాత కొలిమిలో కాల్చేవాళ్లు. బాగా వేడెక్కితే ఆ రాయి తెల్లబడి, గట్టిపడుతుంది. ఈ అంగడి ముద్రలు కాల్చనివి. గోరు పెట్టి గీస్తే గీత పడుతుంది. కాబట్టి ఇంట్లో నాలుగైదు అచ్చులు తీసుకోవడానికి ఇబ్బంది లేదు కానీ, తరగతిలో అరవై మంది పిల్లల చేతుల్లో తిరిగితే ఏడాదిలోగా అంచులు అరిగిపోతాయి. బడి కోసం కొనేవాళ్లు ఒక్కో ముద్ర రెండేసి తీసుకుని, ఒకటి చూపడానికి, ఒకటి అచ్చులకు వేరుగా ఉంచుకోవాలి.

ఒక జాగ్రత్త. ఇదే అరలో రెజిన్‌తో (ప్లాస్టిక్ లాంటి పోత పదార్థం) పోసిన చవక ముద్రలు కూడా ఉన్నాయి. వాటిలో జంతువు బొమ్మ పైకి ఉబ్బి ఉంటుంది. అది తప్పు. అసలు ముద్రలో బొమ్మను లోతుగా తొలుస్తారు, మట్టి మీద నొక్కితే అచ్చులో ఉబ్బుతుంది. మ్యూజియాల ప్రచురణల్లో ముద్ర పక్కనే దాని అచ్చు ఫొటో కూడా వేస్తారు. తెలియని పోతపనివాడు అచ్చు ఫొటోనే ముద్ర అనుకుని చేస్తే ఇలా తయారవుతుంది. దాంతో లిపి కూడా తిరగబడుతుంది. రాతి ముద్ర 350 రూపాయలు, రెజిన్‌ది 60. ఆ 60 రూపాయలు దండగే. పిల్లలకు తప్పు నేర్పడానికి డబ్బు పెట్టినట్టవుతుంది.

అచ్చు తీయడానికి అంగడివాళ్లు ఒక కాగితం ఇస్తారు గానీ, అందులో అసలు విషయాలు లేవు. మట్టి గురించి ముందు చెప్పాలి. కర్నూలు చుట్టూ చేతికందే నల్లరేగడి ఈ పనికి పనికిరాదు. అది నీళ్లు పీల్చినప్పుడు ఉబ్బి, ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయే రకం మట్టి. తడిమీద అచ్చు అందంగా పడుతుంది, మర్నాటికి బీటలు వస్తాయి. కుమ్మరి మట్టి తెచ్చుకోండి. అది దొరక్కపోతే చెరువు ఒండ్రును గుడ్డలో వడగట్టి, నాలుగో వంతు సన్న ఇసుక కలపండి. ఒక అచ్చుకు 50 గ్రాముల మట్టి చాలు. చపాతీ కర్రతో 8 మిల్లీమీటర్ల మందం వచ్చేలా ఒత్తి, వేలు పెడితే గుంట పడాలి గానీ వేలికి అంటుకోకూడదు, ఆ పదును వచ్చేదాకా నీడలో ఉంచండి. ముద్ర మీద టాల్కం పౌడరు పలచగా చల్లి, అదనంగా ఉన్నదాన్ని ఊదేయండి. నిట్టనిలువుగా నొక్కి, నిట్టనిలువుగా పైకి తీయాలి. పక్కకు ఒరిగితే ఒకవైపు గీతలు రెండుగా పడతాయి. నూనె రాయకూడదు. బలపం రాయి నూనె పీల్చి మచ్చ పడుతుంది, ఆ మచ్చ మళ్లీ పోదు.

మెసపొటేమియా స్థూప ముద్రలు రెండో అరలో ఉన్నాయి. రాతి గొట్టం చుట్టూ బొమ్మ చెక్కి, తడిమట్టి మీద దొర్లిస్తే పొడుగాటి పట్టీలా బొమ్మ వస్తుంది. క్రీ.పూ. 3500 ప్రాంతం నుంచి మూడు వేల ఏళ్లపాటు పశ్చిమాసియాలో గోదాము తలుపుల మీద, జాడీల మూతుల మీద, మట్టి ఒప్పందాల మీద ఇవే దొర్లాయి. ఇక్కడిది 2.5 సెంటీమీటర్ల ఎత్తు, 1.5 సెంటీమీటర్ల వ్యాసం ఉంది. అసలు వాటి సగటు పరిమాణానికి దగ్గరే. ఒక పూర్తి చుట్టుకు 4.7 సెంటీమీటర్ల పొడవు బొమ్మ పడుతుంది. మట్టి పట్టీని కనీసం 10 సెంటీమీటర్లు పెట్టుకుంటే బొమ్మ రెండుసార్లు వచ్చి, ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో కనిపిస్తుంది. వేలి కొసతో కాకుండా అరచేయి మట్టసంగా ఆనించి దొర్లించాలి. మట్టి మరీ తడిగా ఉంటే ముద్ర దొర్లకుండా జారుతుంది, సింహం కాళ్లు సాగిపోతాయి.

లోపం ఒకటుంది. నిలువునా తొలిచిన రంధ్రం కొన్నింట్లో నడిమధ్యన లేదు. తీగ దూర్చి రెండు చివర్లా పట్టుకుని దొర్లించాలనుకుంటే ముద్ర ఎగుడుదిగుడుగా తిరిగి, ఒకచోట లోతుగా, ఒకచోట పలచగా అచ్చు పడుతుంది. కొనేముందు రెండు కొసల్నీ వెలుతురుకు పెట్టి చూడండి. రంధ్రం మధ్యలో ఉన్నవే తీసుకోండి. ధర 600.

లోహపు బొమ్మల్లో అందరూ అడిగేది మొహెంజోదారో నర్తకి. అసలు కంచు బొమ్మ ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది, ఎత్తు 10.5 సెంటీమీటర్లు. ఈ అంగడిలో మూడు సైజులున్నాయి: 10.5, 20, 30. పెద్దవే బాగా అమ్ముడవుతాయని చెబుతారు, అందుకే వాటిని ముందు వరసలో పెట్టారు. చిన్నదాన్నే అడిగి తీయించుకోండి. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి పనివాడు అరచేతిలో ఇమిడే బొమ్మలో అంత ఠీవి ఎలా నింపాడన్నదే ఆ బొమ్మ గొప్పతనం. మూడింతలు పెంచితే మామూలు గుమ్మం బొమ్మ అయిపోతుంది.

సరిచూడాల్సినవి ఇవి. కుడిచేయి నడుము మీద ఉండాలి. కుడిచేతికి గాజులు నాలుగే, రెండు ముంజేతి దగ్గర, రెండు మోచేతి పైన. ఎడమచేయి భుజం దాకా గాజులతో నిండి ఉండాలి. మెడలోని హారానికి మూడు బిళ్లలు. జుట్టు ముడి వెనక నుంచి పక్కకు ఒరిగి ఉండాలి. పాదాలు ఉండకూడదు, అసలు బొమ్మలో అవి విరిగిపోయాయి. ఇక్కడి 10.5 సెంటీమీటర్ల నకలు గాజుల లెక్కలో, ముడిలో సరిగ్గానే ఉంది. 20 సెంటీమీటర్ల దానికి మాత్రం పాదాలు అతికించారు, నిలబడటానికి వీలుగా. అది కొనకండి.

పోత మైనపు పద్ధతిలోనే పోశారు. మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. అసలు బొమ్మకు వాడిన పద్ధతి కూడా ఇదే కాబట్టి ఈ విషయంలో మెచ్చుకోవాలి. లోహం మాత్రం కంచు కాదు, ఇత్తడి. రాగిలో తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి. ఇత్తడి పచ్చగా మెరుస్తుంది కనుక, పాతదానిలా కనిపించడానికి రసాయనంతో నల్లబరిచి, మడతల్లో పచ్చటి చిలుము రప్పించారు. ఈ చిలుమును వేలితో రుద్ది చూడండి. వేలికి లేతాకుపచ్చ పొడి అంటితే ఆ బొమ్మ పక్కన పెట్టేయండి. ఉప్పు, వెనిగరు లాంటివి వాడి చిలుము రప్పించినప్పుడు క్లోరైడు లోపల ఉండిపోతుంది. గాలిలో తేమ తగిలినప్పుడల్లా అది లోహాన్ని తింటూనే ఉంటుంది. మన వైపు ఎండాకాలం ఏమీ తెలియదు, వానాకాలం రాగానే పొడి రాలుతుంది. నిజమైన తవ్వకాల్లో దొరికిన కంచు వస్తువులకు మ్యూజియాల్లో పెద్ద బెడద ఇదే. ఇంటికి తెచ్చాక డిస్టిల్డ్ వాటరులో ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు రెండుమూడుసార్లు మార్చి, పూర్తిగా ఆరబెట్టి, రంగులేని మైనం పలచగా రుద్దితే చాలాకాలం నిలుస్తుంది. చింతపండు, బ్రాసో దగ్గరికి రానివ్వకండి. ధర 2,200. దీనికి తగ్గ పని ఉంది.

ఈజిప్టు అల్మారా దగ్గర మనసు చివుక్కుమంటుంది. రాణి నెఫెర్టిటి తల అన్నింటికన్నా పైన పెట్టారు, చూడ్డానికి ధగధగలాడుతోంది. అసలు తల 1912లో అమర్నాలో, థుట్మోస్ అనే శిల్పి పనిశాలలో, జర్మన్ పురావస్తు పరిశోధకుడు లుడ్విగ్ బోర్షార్ట్ బృందానికి దొరికింది. ఇప్పుడు బెర్లిన్ నోయెస్ మ్యూజియంలో ఉంది. లోపల సున్నపురాయి, పైన జిప్సం పూత, దాని మీద రంగు. బరువు సుమారు 20 కిలోలు. కుడికన్ను స్ఫటికం, నల్లపాప. ఎడమకంటి గుంటలో ఆ పొదుగుడు లేదు. చెవుల అంచులు చిట్లి ఉంటాయి, కిరీటం ముందున్న పాము విరిగిపోయింది. ఈ అంగడి నకలులో రెండు కళ్లూ ఉన్నాయి, చెవులు నిండుగా ఉన్నాయి, నుదుటి మీద పాము పడగెత్తి ఉంది. అసలు బొమ్మను 'బాగుచేసి' అమ్ముతున్నారన్నమాట. ఏది నిజంగా మిగిలింది, ఏది మన ఊహ అన్న తేడా చెరిపేస్తే నకలుకు చదువు విలువ ఏముంటుంది? ఆర్డరిస్తే ఎడమకన్ను లేకుండా చేసిస్తామన్నారు. అలాగే చేయించుకోండి, 20 సెంటీమీటర్ల సైజుకు అదనపు ధర ఏమీ అడగలేదు.

ఈజిప్టు రాజు టూటన్‌ఖామెన్ బంగారు ముసుగు నకలు ఇంకా నిరాశ. అసలుది 54 సెంటీమీటర్ల ఎత్తు, పది కిలోలకు పైగా బరువు. ఇక్కడిది 25 సెంటీమీటర్ల రెజిన్, బంగారు రంగు స్ప్రే. తలగుడ్డ మీద నీలి చారలు అసలులో గాజు పొదుగు, ఇక్కడ రంగు గీతలు. అన్నిటికన్నా పెద్ద లోటు వెనక వైపు. అసలు ముసుగు వీపు మీద, భుజాల మీద మృతుడి రక్షణ కోసం రాసిన మంత్రం చిత్రలిపిలో చెక్కి ఉంటుంది. ఇక్కడ వెనకంతా నున్నగా ఉంది. గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు.

రొసెట్టా శిల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. నల్ల కడప బండ మీద లేజరుతో తెల్లటి అక్షరాలు చెక్కారు, 28 సెంటీమీటర్ల ఎత్తు, 19 వెడల్పు. 112 సెంటీమీటర్ల అసలు శిలకు ఇది నాలుగో వంతు కొలత, లెక్క సరిపోయింది. పైన చిత్రలిపి, మధ్యలో డెమోటిక్ (ఆనాటి ఈజిప్టు వాడుక లిపి), కింద గ్రీకు, మూడు పొరలూ విడివిడిగా కనిపిస్తాయి. 1799లో దొరికిన ఈ శిల మీద రాత క్రీ.పూ. 196లో రాజును కీర్తిస్తూ పూజారులు చేసిన శాసనం. ఒకే విషయం మూడు లిపుల్లో ఉండబట్టే 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ చిత్రలిపి గుట్టు విప్పగలిగాడు. తరగతిలో ఇంతకన్నా మంచి పరికరం దొరకదు.

రంగు మాత్రం తప్పు. ఆ తప్పుకు కారణం ఉంది. అసలు శిల గ్రానైటును పోలిన గ్రానోడయోరైటు రాయి, ముదురు బూడిదరంగు, పైన ఎడమ మూలన గులాబీ రంగు చార ఒకటి పారుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో చాలాకాలం అక్షరాలు కనిపించాలని తెల్లరంగు నింపి, రాతి మీద మైనం పూశారు. మైనానికి మురికి పట్టి రాయి నల్లగా కనిపించింది. 1999లో కడిగితేగానీ అసలు రంగు బయటపడలేదు. కాబట్టి ఈ నకలు నల్లరాయి మీద తెల్ల అక్షరాలతో, ఆ పాత ఫొటోల్లోని రూపాన్ని మోస్తోంది. కొనేవాళ్లు వెనకాల ఒక చీటీ మీద ఈ సంగతి రాసి అతికిస్తే చాలు. మందం 7 సెంటీమీటర్లు ఉండాల్సింది 2 మాత్రమే ఇచ్చారు, బరువు తగ్గడానికి. అది అర్థం చేసుకోదగ్గదే. ఈ కొలతలో డెమోటిక్ గీతలు భూతద్దం లేకుండా చదవడం కష్టం. 1,400 రూపాయలకు పరవాలేదు.

రాతియుగపు అర చిన్నది కానీ ఒక్క వస్తువు కోసం చూడాలి: 1908లో ఆస్ట్రియాలో దొరికిన విల్లెన్‌డార్ఫ్ స్త్రీమూర్తి. 11.1 సెంటీమీటర్లు. ముఖం లేదు, తల చుట్టూ అల్లికలాంటి వరసలు, స్తనాల మీద ఆనిన సన్నటి చేతులు, పాదాలు లేవు. పాదాలు లేవు గనుక నిలబడదు. చేతిలో పట్టుకోవడానికో, వెంట మోసుకెళ్లడానికో చేసిందని పండితులు అనుకునేది అందుకే. చాలా నకళ్లకు కింద పీఠం అతికిస్తారు. ఇక్కడ పీఠం లేకుండా, పడుకోబెట్టి అమ్ముతున్నారు. ఎర్రజేగురు మరకలు కూడా మడతల్లో అక్కడక్కడా ఉంచారు, అసలు మీద ఉన్నట్టే. ఇది రెజిన్‌తో పోసిందే అయినా, కడప వైపు నుంచి వచ్చే బెరైటీస్ అనే బరువైన ఖనిజం పొడి కలిపారు, దాంతో చేతికి రాయి పట్టుకున్నట్టే బరువు తగులుతుంది. 450 రూపాయలకు ఇది మంచి బేరం. పక్కనే ఉన్న ఈస్టర్ ద్వీపపు మొఆయి తలలు వదిలేయండి. ఆ విగ్రహాలకు మొండెం కూడా ఉంటుంది. వాలులో సగం పూడిపోయిన వాటి ఫొటోలు చూసి తలలు మాత్రమే అనుకోవడం పాత పొరపాటు, ఆ పొరపాటునే అచ్చు పోశారు.

గ్రీకు కుండల సంగతి సూటిగా చెప్పాలి. స్థానిక కుమ్మరి చక్కగా తిప్పిన ఎర్రకుండల మీద నల్ల ఎనామిల్ పెయింటుతో వీరుల బొమ్మలు వేశారు. ఏథెన్స్ కుండల మీది నలుపు పెయింటు కాదు. ఇనుము ఎక్కువగా ఉన్న సన్నటి బంకమట్టి ద్రవాన్ని పూసి, ఒకే కాల్పులో మూడు దశలు నడిపేవాళ్లు. మొదట గాలి ఆడనిచ్చి కుండంతా ఎర్రగా, తర్వాత పచ్చికట్టెలు వేసి గాలి బిగించి అంతా నల్లగా, మళ్లీ గాలి వదిలితే పూత లేని చోట ఎరుపు తిరిగివస్తుంది, పూత ఉన్నచోట గాజులా బిగుసుకుపోయి నలుపు నిలిచిపోతుంది. పెయింటు వేసిన కుండ ఆ విద్యలో ఒక్క పాలు కూడా చూపలేదు. పైగా గోరుతో గీస్తే ఊడుతోంది, అందులో నీళ్లు పోసి తాగడం అసలే కూడదు.

ఆ కుమ్మరి చేతికి మన సీమ కుండలే అప్పజెబితే ఎంత బాగుండేది! రాయలసీమ బృహత్‌శిలాయుగపు సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండలు ఇదే సూత్రంతో తయారయ్యాయి. కుండను బోర్లించి, లోపలా అంచు దగ్గరా పొట్టు, ఆకులు కూరి కాలిస్తే గాలి తగలని లోపలివైపు నలుపు, బయట ఎరుపు. బనగానపల్లె దగ్గరి పాతపాడు పేరుతోనే పురావస్తు పుస్తకాల్లోకెక్కిన చిత్రించిన కుండలున్నాయి, వాటిలో ముక్కున్న గిన్నెలు ప్రత్యేకం. సీమ పేరు ప్రపంచానికి చెప్పే ఈ గిన్నె ఒక్కటి కూడా అంగడిలో లేకపోవడం పెద్ద వెలితి. అడిగేవాళ్లు పెరిగితే చేస్తారు, కాబట్టి వెళ్లినవాళ్లు తప్పక అడగండి.

ఆ వెలితిని కొంత పూడ్చేది శాసనాల గది. గుత్తి–పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడిలో అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలతో పాటు లఘు శిలాశాసనం కూడా ఉంది. ఆ రెండూ ఒకేచోట దొరకడం అరుదు. లఘు శాసనంలో కొంత భాగం ఒక వరస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరస కుడి నుంచి ఎడమకు, ఎద్దులు సాలు తిరిగినట్టు నడుస్తుంది. బ్రాహ్మీ లిపిలో ఇలాంటి రాత మరెక్కడా చూడం అన్నంత అరుదు. అంగడిలో దీనికి రెండు రకాల ప్రతులున్నాయి. ఒకటి కంప్యూటరు ప్రింటు, 150 రూపాయలు. రెండోది చేత్తో తీసిన ఎస్టాంపేజీ (చెక్కిన అక్షరాల మీద తడికాగితం పరిచి, సిరా అద్ది తీసే ప్రతి), 700. శాసనం మీద నేరుగా తీసింది కాదు, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న శిల మీద అనుమతి లేకుండా ఎవరూ కాగితం వేయకూడదు. ప్రచురితమైన ప్రతి చూసి ముందు మట్టి పలక చేసి, ఆ పలక మీద తీశారు. ఆ మాట బిల్లు మీద కూడా రాస్తున్నారు, అది నిజాయితీ.

చేత్తో తీసినదాన్ని వెనక్కి తిప్పి చూడండి. అక్షరాలు కాగితంలో గుంటలుగా దిగి, వెనక ఉబ్బి కనిపించాలి. ప్రింటు చదునుగా ఉంటుంది. తయారీ ఇలా: పలకను కడిగి దుమ్ము లేకుండా చేస్తారు. పలచని చేతికాగితాన్ని నీళ్లలో తడిపి పలక మీద పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు కొడుతూ వెళ్తారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగాలి, గాలి బుడగ మిగలకూడదు. ఎక్కడైనా చిరిగితే ఇంకో తడికాగితం ముక్క అద్దుతారు. సగం ఆరాక, నల్లసిరా అద్దిన గుడ్డ బుడ్డను పైపైన తాకిస్తారు. ఎత్తుగా ఉన్న చోట నలుపు పట్టి, గుంటలో ఉన్న అక్షరం తెల్లగా మిగులుతుంది. అసలు కిటుకు ఆ 'సగం ఆరడం'లోనే ఉంది. మరీ తడిగా ఉంటే సిరా అక్షరాల్లోకి పాకి వాటిని మింగేస్తుంది. మరీ ఆరిపోతే కాగితం పలక నుంచి లేచిపోయి అంచులు మసకబారతాయి. ఇక్కడ కొన్ని ప్రతుల్లో కింది వరసల్లో సిరా పాకింది. వెలుతురులో పెట్టి, అన్ని వరసలూ చూసి ఎంచుకోండి. మట్టి పలక విడిగా కూడా అమ్ముతారు. బడిలో పిల్లలచేత ఎస్టాంపేజీ తీయించాలనుకునే టీచర్లకు అది బంగారమే.

కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళ శాసనం పలక కూడా ఉంది. రేనాటి చోళుల నాటి ఈ శాసనం ఆరో శతాబ్దపు తెలుగు. చాలామంది తొలి తెలుగు శాసనంగా చెప్పుకునేది ఇదే. అసలులో కొన్ని అక్షరాలు పోయాయి. పలక చేసినవాళ్లు ఆ చోట్లు ఖాళీగానే వదిలారు, సొంతంగా పూరించలేదు. నెఫెర్టిటి తల చేసిన చోటే ఇంత సంయమనం కూడా ఉండటం సంతోషం కలిగిస్తుంది.

నాణేల సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే ఇది చట్టంతో ముడిపడింది. అగస్టస్, టిబెరియస్ చక్రవర్తుల వెండి దినార్ల నకళ్లు 120 రూపాయలకు దొరుకుతాయి. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఈ ఇద్దరివే ఎక్కువ కాబట్టి ఎంపిక బాగుంది. అసలు దినారం బరువు 3.9 గ్రాములకు కాస్త అటూఇటూ. ఇక్కడివి తగరపు మిశ్రమం, తూకంలో తేలిపోతాయి. అంచు చుట్టూ సన్నటి గీత కనిపిస్తే అది రెండు అచ్చుల అతుకు. పాత నాణెం సుత్తితో కొట్టి ముద్రించింది, దానికి ఆ గీత ఉండదు. వెనక 'నకలు' అని చిన్న ముద్ర వేస్తున్నారు, చాలా మంచి పని. కొన్నింటి మీద ఆ ముద్ర సరిగ్గా పడలేదు. ముద్ర స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. రేపు మీ ఇంట్లోవాళ్లే దాన్ని నిజమైనదనుకుని అమ్మబోతే చిక్కు.

ఎవరైనా ఈ అంగడి మెట్ల దగ్గరో, ఇంకెక్కడో 'పొలంలో దొరికింది, అసలుది' అంటూ నాణెమో బొమ్మో చూపితే అటు చూడొద్దు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువే. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం నేరం, దేశం దాటించడం ఇంకా పెద్ద నేరం. మట్టిలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతోంది. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్లకు పాత నాణేలో పెంకులో తగిలితే, వాటిని కడక్కుండా, తోమకుండా, దొరికిన చోటు గుర్తుపెట్టుకుని అధికారులకు చెప్పాలి. చోటు తెలియని నాణెం సగం చరిత్ర పోగొట్టుకున్న నాణెం.

ప్యాకింగు బలహీనం. రాతి ముద్రలను కాగితంలో చుట్టి ఒకే డబ్బాలో వేస్తారు, బలపం రాయి ఒకదానికొకటి రాసుకుని గీతలు పడతాయి. ఒక్కోదాన్ని విడిగా గుడ్డలో చుట్టమని అడగండి. రెజిన్ వస్తువులను ఎండాకాలం మూసిన కారులో వదలొద్దు, సన్నటి భాగాలు వేడికి వంగుతాయి. ప్లాస్టరువి తడిగుడ్డతో తుడవకూడదు, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. అనంతపురం, కడపకు పార్సిలు పంపుతారు గానీ, కొలిచి చూసుకునే వీలుండదు కాబట్టి రాతి ముద్రలు, ఎస్టాంపేజీలు తప్ప మిగతావి స్వయంగా వచ్చి తీసుకోవడమే మేలు.

బడికి 5,000 రూపాయలు మంజూరై ఉంటే ఇలా ఖర్చుపెట్టండి: రాతి సింధు ముద్రలు మూడు 1,050, స్థూప ముద్ర ఒకటి 600, 10.5 సెంటీమీటర్ల నర్తకి 2,200, విల్లెన్‌డార్ఫ్ మూర్తి 450, ఎర్రగుడి ఎస్టాంపేజీ 700. సరిగ్గా సరిపోతుంది. రాతి ముద్రలు చెక్కేది ఇద్దరే పనివాళ్లు కనుక బడులు తెరిచే జూన్‌లో నిల్వ ఉండదు. ఏప్రిల్లోనే చెప్పి ఉంచితే, కొలత రాసిచ్చిన ప్రకారం చేసిపెడతారు.